పాతికేళ్లు బైకులు విప్పిన మెకానిక్‌ని టెక్నికల్ ఎక్స్‌పర్ట్ అనొచ్చా?

ఒడిశాలోని గుణుపురం నుంచి ఒకరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. వాళ్ల మావయ్య పాతికేళ్లుగా బైక్ మెకానిక్. ఐటీఐ చదవలేదు. చిన్నప్పుడే ఒక పెద్ద మిస్త్రీ దగ్గర చేరి పని నేర్చుకుని, తర్వాత సొంతంగా షాపు పెట్టుకున్నారు. వీళ్లు కొన్న 125 సీసీ బైకు వారంటీలో ఉండగానే ఇంజిన్ పట్టేసింది, అంటే లోపల బిగుసుకుపోయి తిరగడం మానేసింది. "ఆయిల్ సరిగ్గా చూసుకోలేదు, వారంటీ రాదు" అని షోరూంలో చెప్పేశారు. మావయ్య మాత్రం "తయారీలోనే లోపం" అంటున్నారు. ఇంజిన్ ఇంకా ఎవరూ విప్పలేదు. మావయ్య మాట చెబితే మేనేజర్ "ఆయనేమైనా టెక్నికల్ ఎక్స్‌పర్టా?" అన్నాడట. పని నేర్చుకుని, ఏళ్ల తరబడి చేసిన మెకానిక్ ఆ కిందికి వస్తాడా రాడా? ఆయన రాసిచ్చిన కాగితానికి విలువ ఉంటుందా?

వస్తాడు. కానీ అన్ని బండ్లకీ, అన్ని విషయాలకీ కాదు. ఏ రకం బండ్ల మీద పని చేశాడో ఆ మేరకు, చెప్పిన కారణాన్ని కొలిచి చూపించగలిగిన మేరకు అతను ఎక్స్‌పర్టే. చట్టం కూడా డిగ్రీ ఉండి తీరాలని పట్టుబట్టదు. ఎన్నేళ్లు చేశాడన్నది ఒక్కటే చూస్తే చాలదు, గోడకి తగిలించిన సర్టిఫికెట్ ఒక్కటే చూసినా చాలదు. మీ కేసులో మావయ్య చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. కానీ ఇంజిన్ విప్పకుండా చెప్పారు కాబట్టి ప్రస్తుతానికి అది అనుమానమే. షోరూం వాళ్లదీ అంతే, వాళ్లూ విప్పలేదుగా.

నా సంగతి కొంచెం చెబుతాను, ఏ ఒడ్డున నిలబడి మాట్లాడుతున్నానో తెలియాలి కాబట్టి. ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ చేశాను, అది రెండేళ్ల కోర్సు. తర్వాత కొన్నాళ్లు బరంపురంలో షోరూంలో పని, ఇప్పుడు రాయగడలో సొంత షాపు. నా దగ్గర ఐటీఐ కుర్రాళ్లూ ఉన్నారు, బడి మానేసి స్పానర్ పట్టిన వాళ్లూ ఉన్నారు. ఇద్దరి లోటూ రోజూ చూస్తుంటాను.

ముందు చేతిపని గురించి. మన వైపు బండ్లకి పడే బాధ ఏ పుస్తకంలోనూ ఉండదు. లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ వెళ్లే ఘాట్‌లో ముగ్గురు మనుషులు, వెనక రాగుల బస్తా. కొండ దిగి సంతకొచ్చే బండి ఆ లోడుతోనే మళ్లీ ఎక్కాలి. క్లచ్ సగం పట్టి సగం వదిలి నడుపుతారు. అలాంటి బండి వచ్చి "పికప్ లేదు" అంటే, పిస్టన్ రింగుల దాకా వెళ్లక ముందే క్లచ్ ప్లేట్ల మీద అనుమానం రావాలి. ఒక్క రౌండ్ వేసి, ఇంజిన్ రేజ్ అవుతున్నా బండి ముందుకు కదలకపోవడం చూసి, కవర్ విప్పకుండానే క్లచ్ అని చెప్పే మెకానిక్ నాకు తెలుసు. ఆయన సంతకం పెట్టడం కూడా కష్టంగా పెడతాడు. ఆ విషయంలో ఆయన్ని ఎక్స్‌పర్ట్ కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అడగడం కూడా పనిలో భాగమే, దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మన షాపుకొచ్చే వాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు, ఒడియా మాట్లాడేవాళ్లు, కువి, సవర మాట్లాడే కొండ ఊళ్ల వాళ్లు అందరూ ఉంటారు. "బండి మూలుగుతోంది" అని ఒకడంటాడు, "దమ్ము లేదు" అని ఇంకొకడంటాడు. ఎప్పుడు మూలుగుతోంది, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, పెట్రోలు ఎక్కడ కొట్టించావు, బాటిల్‌లో తెచ్చావా? ఇవన్నీ అడిగి రాబట్టడం ఐటీఐలో నేర్పరు. షోరూం కౌంటర్లో టై కట్టుకుని జాబ్ కార్డు రాసే కుర్రాడికి ఇది చాలాసార్లు రాదు. వాడు "జనరల్ చెకప్" అని రాసి లోపలికి పంపిస్తాడు. లోపల విప్పేవాడికి కస్టమర్ ముఖం కూడా కనిపించదు.

ఇంకో సంగతి, షోరూంలో పనిచేసే టెక్నీషియన్లలో చాలామంది మొదట రోడ్డు పక్క షాపుల్లో పని నేర్చుకుని వెళ్లినవాళ్లే. యూనిఫాం వేసుకున్న రోజు నుంచి టెక్నికల్ అయిపోయి, అంతకుముందు రోజు దాకా కాకుండా పోవడం ఏం లెక్కో మేనేజర్ గారే చెప్పాలి.

అయితే చేతిపనికి ఒక పెద్ద జబ్బు ఉంది: "మార్చి చూద్దాం." బ్యాటరీ దిగిపోతోందంటే కొత్త బ్యాటరీ వేస్తారు. నెల తిరిగేసరికి అదీ దిగిపోతుంది. "బ్యాటరీ క్వాలిటీ లేదు" అని ఇంకో కంపెనీది వేస్తారు. నా దగ్గరికి ఇలా బ్యాటరీ మీద బ్యాటరీ వేయించుకుని వచ్చిన బండ్లకి లెక్కలేదు. మల్టీమీటర్ పెట్టి చూస్తే తేలిపోయే పని అది. పూర్తి చార్జ్‌లో ఉన్న 12 వోల్టుల బ్యాటరీ ఆగి ఉన్నప్పుడు 12.6 నుంచి 12.8 దాకా చూపాలి. ఇంజిన్ స్టార్ట్ చేసి కాస్త రేజ్ చేస్తే 13.5 నుంచి 14.5 మధ్యకి రావాలి. రాకపోతే రెక్టిఫైయరో (చార్జింగ్ వోల్టేజీని అదుపులో పెట్టేది), మ్యాగ్నెట్ కాయిలో (కరెంటు పుట్టించేది), మధ్యలో వైరింగో చూడాలి. 15 దాటి పోతుంటే రెక్టిఫైయర్ ఆపలేకపోతోందని అర్థం, ఆ బండికి ఎన్ని బ్యాటరీలు వేసినా ఉడికిపోతాయి. మీటర్ ఖరీదు కొన్ని వందల రూపాయలు. పాతికేళ్ల అనుభవం ఉండి కూడా మీటర్ కొనని షాపులు మన బజార్లో ఇప్పటికీ ఉన్నాయి. వాళ్లు మంచి పనివాళ్లు, అందులో సందేహం లేదు, కానీ నేను వాళ్లని ఎక్స్‌పర్ట్ అనను. బండి బాగుపడింది సరే, ఏది మార్చడం వల్ల బాగుపడిందో వాళ్లకీ తెలియదు.

కార్బొరేటర్ బండ్ల కాలంలో ఈ పద్ధతి నడిచిపోయింది. చెవితో విని, ప్లగ్ రంగు చూసి, ఎయిర్ స్క్రూ తిప్పి సెట్ చేసేవాళ్లం. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6, అంటే బండి పొగకి పెట్టిన కొత్త హద్దులు, వచ్చింది. బజార్లోకి వచ్చే కొత్త పెట్రోలు బైకులు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారిపోయాయి. ఇప్పుడు తిప్పడానికి ఆ స్క్రూ లేదు. ఆక్సిజన్ సెన్సర్, థ్రాటిల్ సెన్సర్, ఇంజిన్ వేడి చూసే సెన్సర్ చెప్పిన దాన్ని బట్టి ఈసీయూ, అంటే బండిలోని చిన్న కంప్యూటర్, పెట్రోలు కొలిచి కొడుతుంది. పంపు ప్రెజర్ చాలా చిన్న బైకుల్లో సుమారు 3 బార్ ఉంటుంది. అది ఉందో లేదో చెవికి తెలియదు, గేజ్‌కే తెలుస్తుంది. అంతకు ఏడాది ముందే, 2019 ఏప్రిల్ నుంచి, 125 సీసీ దాటిన కొత్త బండ్లకి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకోకుండా చూసేది), దానికి లోపు వాటికి కనీసం సీబీఎస్ (ఒక బ్రేకు పడితే రెండు చక్రాలకీ పడేది) తప్పనిసరి చేశారు. అంటే రెండేళ్ల వ్యవధిలో బండి గుండె, బ్రేకు రెండూ మారిపోయాయి. అప్పటిదాకా ఉన్న అనుభవంలో సగం పనికొస్తుంది, సగానికి మళ్లీ బడికెళ్లాల్సిందే.

ట్రైనింగ్ ఇక్కడే అక్కరకొస్తుంది. ఉదాహరణకి హోండా బైకుల్లో ఇంజిన్ లైటు మెరిసే తీరులోనే కోడ్ ఉంటుంది. పొడుగ్గా ఒకసారి మెరిస్తే పది, పొట్టిగా మెరిస్తే ఒకటి. లెక్కపెట్టి మాన్యువల్‌లో చూస్తే ఏ సెన్సర్ లైను అన్నది తెలుస్తుంది. ఇది తెలిసిన కుర్రాడు పది నిమిషాల్లో తేల్చే పనికి, తెలియని ఉస్తాద్ టాంకు దింపి, పంపు విప్పి, సాయంత్రానికి "ఈసీయూ పోయింది, వేలల్లో అవుతుంది" అంటాడు. మన వర్షాలకి కనెక్టర్‌లో పచ్చగా తుప్పు పట్టి ఉంటుంది, అంతే.

కానీ ఆ కోడ్ కూడా ఎక్కడ వెతకాలో చెబుతుంది తప్ప ఏది పాడైందో చెప్పదు. స్కానర్ "థ్రాటిల్ సెన్సర్" అంటే వెంటనే సెన్సర్ మార్చేసే ఐటీఐ కుర్రాళ్లనీ చూశాను. వాళ్లది కూడా "మార్చి చూద్దాం" జబ్బే, కాకపోతే ఇంగ్లీషులో. ఎలుక కొరికిన వైరు సీటు కింద ఉంటుంది, దాన్ని వేళ్లతో తడిమి పట్టుకునేది పాత చేయి.

మన జిల్లాల్లో తరచుగా వచ్చే ఇంకో కేసు చెబుతాను. కుర్రాళ్లు పనికోసం సూరత్, కేరళ, హైదరాబాద్ వెళ్తారు. బండి చూరు కింద నెలల తరబడి ఉండిపోతుంది. పండక్కి తిరిగొచ్చి స్టార్ట్ చేస్తే కాదు, అయినా రెండు కిలోమీటర్లకి ఆగిపోతుంది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ నీటిని తనలో కలుపుకుంటుంది, నీరు మరీ ఎక్కువైతే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి టాంకు అడుగుకి చేరతాయి. ఇంజెక్షన్ బండిలో పంపు లాగేది అడుగు నుంచే. ఇది తెలిసినవాడు ముందు సీసాలోకి కాస్త పెట్రోలు తీసి, కదపకుండా పెట్టి, రెండు పొరలుగా విడుతోందేమో చూస్తాడు. తెలియనివాడు ఇంజెక్టర్ మారుస్తాడు. ఇందులో కారణం తెలియడం చదువు వల్ల, సీసా పెట్టి చూడాలన్న ఆలోచన అనుభవం వల్ల. రెండూ ఒకే మనిషిలో ఉంటే నేను వాదన లేకుండా ఎక్స్‌పర్ట్ అంటాను.

బ్రేకుల విషయం ఒక్క ముక్క. ఘాట్ దిగుతుంటే డిస్క్ బ్రేకు లివర్ మెత్తగా అయిపోయిందంటే చాలామంది ప్యాడ్లు మారుస్తారు. బ్రేక్ ఆయిల్ తేమ పీలుస్తుంది. డాట్-4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే ప్రమాణం ప్రకారం కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మరిగితే లోపల ఆవిరి, చేతికి మెత్తదనం. చల్లారాక షాపుకి తెస్తే బ్రేకు మామూలుగానే పడుతుంది. అందుకే "ఏం లేదు, బాగానే ఉంది" అని పంపేస్తారు.

అనుభవానికి హద్దు ఎక్కడో చెప్పే కేసు కూడా ఒకటుంది. మన దగ్గర బోరు చేయించడం మామూలు పని. సిలిండర్ అరిగితే లేత్ షాపుకి పంపి 0.25 లేదా 0.50 మిల్లీమీటర్లు పెంచి ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తాం. ఇనుప స్లీవ్ ఉన్న బ్లాకులకి ఇది సరైన పనే. కానీ యమహా ఆర్15లో ఉండే డయాసిల్ (ఇనుప స్లీవ్ లేని అల్యూమినియం) సిలిండర్, కేటీఎం బండ్లలో ఉండే నికాసిల్ పూత ఉన్న సిలిండర్ అలా కోయకూడదు. అరిగితే బ్లాకు సెట్టే మార్చాలి. వందల బోరింగులు చేయించిన ఓ పెద్ద షాపులో అలాంటి బ్లాకుని మామూలుగా లేత్‌కి పంపడం చూశాను. కొన్ని వారాలకే పొగ మొదలైంది. ఆయన పని తక్కువ కాదు. స్ప్లెండర్‌కి ఆయన చేసిన బోరు ఇప్పటికీ తిరుగుతోంది. తెలిసిన బండి నుంచి తెలియని బండికి అదే నమ్మకంతో వెళ్లిపోయాడు, అంతే.

ఎలక్ట్రిక్ స్కూటర్ల సంగతి అయితే మరీను. బ్రేకులు, బేరింగులు, సస్పెన్షన్ మనవే. బ్యాటరీ ప్యాక్ మాత్రం నేను విప్పను, నా దగ్గర కుర్రాళ్లని విప్పనివ్వను. లిథియం సెల్స్ దగ్గర స్పానర్ జారితే ఏమవుతుందో చూడాలన్న సరదా నాకు లేదు.

ఇక మీరు అసలు అడిగిన కాగితం విలువ. దీనికి చట్టం ఏమంటుందో నాకు తెలిసినంత చెబుతాను, వకీలుని కాదు నేను, ఇలాంటి ఒకటి రెండు కేసుల్లో ఇంజిన్ చూడటానికి పిలిచారు కాబట్టి చదువుకున్నాను. పాత సాక్ష్య చట్టంలో 45వ సెక్షన్ ఉండేది. 2024 జూలై 1 నుంచి దాని బదులు భారతీయ సాక్ష్య అధినియంలో 39వ సెక్షన్ వచ్చింది. ఆ విషయంలో ప్రత్యేక నైపుణ్యం ఉన్న మనిషి అభిప్రాయాన్ని కోర్టు తీసుకోవచ్చని అందులో ఉంది. డిగ్రీ ఉండాలని లేదు. 1999లో హిమాచల్ ప్రదేశ్ ప్రభుత్వం, జై లాల్ మధ్య కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే దారి. ఆ విషయాన్ని ప్రత్యేకంగా చదివి ఉండాలి లేదా అందులో ప్రత్యేక అనుభవం సంపాదించి ఉండాలి. "లేదా" అన్నారు, చూడండి. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది: ఎక్స్‌పర్ట్ ఊరికే అభిప్రాయం చెబితే సరిపోదు, దానికి ఆధారాలు, కారణాలు కూడా ముందు పెట్టాలి, అవి చూసి కోర్టు తనంతట తాను తేల్చుకుంటుంది. కాబట్టి మేనేజర్ గారి "ఆయనేమైనా ఎక్స్‌పర్టా" అన్న ప్రశ్న అంత తేలిగ్గా కొట్టిపారేసేది కాదు, అంత తేలిగ్గా గెలిచేదీ కాదు.

వినియోగదారుల కమిషన్‌లో సాక్ష్య చట్టం అక్షరం అక్షరం పాటించరు, కానీ తయారీ లోపం అంటే మాత్రం ఎక్స్‌పర్ట్ మాట కోసం చూస్తారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని 38వ సెక్షన్ ప్రకారం, పరీక్షిస్తే గానీ లోపం తేలదనుకుంటే కమిషన్ దాన్ని తగిన ల్యాబ్‌కి పంపించవచ్చు. మీ మావయ్య రాసిచ్చే కాగితానికి రెండు బలహీనతలు ఉంటాయి. ఒకటి, ఆయన మీ బంధువు, అవతలి వకీలు మొదట పట్టుకునేది అదే. రెండోది, "నా అనుభవం ప్రకారం ఇది కంపెనీ లోపం" అని ఒక్క ముక్క రాస్తే దాన్ని ఎవరూ లెక్కచేయరు, బీటెక్ చేసినవాడు రాసినా చేయరు. ఏం చూశారు, ఎలా కొలిచారు, మాన్యువల్‌లో హద్దు ఎంత, మీకు వచ్చింది ఎంత, అందువల్ల ఏమనుకుంటున్నారు. ఇలా రాస్తే దానికి బలం వస్తుంది.

పోల్చుకోవడానికి చెబుతున్నాను, ప్రమాదం జరిగినప్పుడు పోలీసు కేసులో బండిని చూసి రిపోర్ట్ ఇచ్చే మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్‌కి 1989లో కేంద్రం పెట్టిన కనీస అర్హతల్లో ఆటోమొబైల్ లేదా మెకానికల్ డిప్లొమాతో పాటు వర్క్‌షాపులో పనిచేసిన అనుభవం కూడా అడిగారు. అంటే ప్రభుత్వం కూడా చదువు ఒక్కటే చాలనుకోలేదు.

ఇప్పుడు మీ ఇంజిన్. దీన్ని కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మావయ్య ఎక్స్‌పర్టా కాదా అన్నది ఇక్కడే తేలుతుంది.

మొట్టమొదట: ఇంజిన్ మీరు విప్పకండి, మావయ్యనీ విప్పనివ్వకండి. ఒక్కసారి బయట విప్పితే "బయట విప్పారు కాబట్టి మాకు సంబంధం లేదు" అంటారు, అందులో వాళ్ల తప్పు కూడా పట్టలేం. వారంటీ ఎందుకు ఇవ్వట్లేదో కారణం రాతలో ఇమ్మని షోరూంకీ, కంపెనీ కస్టమర్ కేర్‌కీ ఈమెయిల్ పెట్టండి. మా మెకానిక్ ఎదురుగా ఉండగా, ఫోటోలు వీడియో తీస్తూ, ఇద్దరూ కలిసి ఇంజిన్ విప్పాలని అందులోనే అడగండి. వాళ్లు కాదన్నా మంచిదే, కాదన్నట్టు కాగితం ఉంటుంది.

విప్పేటప్పుడు మొదట చూడాల్సింది ఆయిల్. డ్రెయిన్ చేసి కొలగిన్నెలో పోసి ఎంతుందో రాయాలి. ఈ సైజు ఇంజిన్లలో మామూలుగా లీటరు అటూ ఇటూగా ఉంటుంది, మీ బండికి ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. అందులో సగం కూడా లేకపోతే, బయట లీకు గుర్తులు లేకపోతే, మీ వాదన కష్టమే. ఆయిల్ ఎక్కడికి పోయిందన్న ప్రశ్నకి మీరే జవాబు చెప్పాల్సి వస్తుంది. నిండుగా ఉండి కూడా పైన క్యామ్ షాఫ్ట్, రాకర్లు ఎండిపోయి గీతలు పడి ఉంటే అప్పుడు కథ మారుతుంది. ఆయిల్ ఉంది, పైకి ఎక్కలేదు. అప్పుడు ఆయిల్ పంపు, దాన్ని తిప్పే గేరు, స్ట్రెయినర్, ఆయిల్ దారి ఒక్కొక్కటీ చూడాలి. స్ట్రెయినర్‌లో నల్లటి బురద నిండి ఉంటే ఆయిల్ మార్చలేదని వాళ్లంటారు. పంపు విరిగి ఉంటేనో, దారిలో పోతపోసినప్పటి ముక్క అడ్డుపడి ఉంటేనో మీ మావయ్య గెలిచినట్టే.

తర్వాత పిస్టన్. పక్కల నాలుగు మూలలా సమానంగా రాసుకుపోయి ఉంటే పిస్టన్‌కీ సిలిండర్‌కీ మధ్య సందు తక్కువైందేమో అని అనుమానించాలి. అప్పుడు మైక్రోమీటర్, బోర్ గేజ్ పెట్టి కొలవాలి. చేత్తో ఆడించి "టైట్‌గా ఉంది" అంటే చెల్లదు. ఒకే వైపు, ఎగ్జాస్ట్ వైపు, ఎక్కువగా కాలి ఉంటే వేడి సంగతి చూడాలి. కనెక్టింగ్ రాడ్ కింది తల నీలం రంగుకి తిరిగి ఉంటే అక్కడ ఆయిల్ అందలేదని అర్థం. ఎందుకు అందలేదన్నది మళ్లీ ఆయిల్ లెక్కకే వస్తుంది. ఏ ఒక్క గుర్తూ ఒంటరిగా ఏమీ తేల్చదు. పిస్టన్ చూడగానే "ఆయిల్ లేదు" అనేసే షోరూం మనిషీ, చూడకుండానే "కంపెనీ లోపం" అనే మావయ్యా ఇక్కడ ఒకే బెంచీ మీద కూర్చున్నారు.

కాగితాలు కూడా ఇంజిన్ పార్టుల్లాంటివే. ఫస్ట్ సర్వీస్ ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర చేయించారు? జాబ్ కార్డులో ఆయిల్ మార్చినట్టు ఉందా, బిల్లులో ఆయిల్ గ్రేడ్ ఉందా? మధ్యలో బయట ఎక్కడైనా ఆయిల్ పోయించారా? మొహమాటం లేకుండా అడుగుతున్నాను, మావయ్య షాపులోనే పోయించారా? బైకుకి జాసో ఎంఏ లేదా ఎంఏ2 (ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్‌కి సరిపడే గ్రేడు) అని ఉన్న ఆయిలే పోయాలి, కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. ఇంజిన్ పట్టేయడానికి అది కారణం కాకపోయినా, అలాంటి బిల్లు దొరికితే అవతలివాళ్లు దాన్నే పట్టుకు వేలాడతారు.

మూడో మనిషి మాట కావాలంటే దగ్గర్లోని ఇంజినీరింగ్ కాలేజీలోనో, పాలిటెక్నిక్‌లోనో ఆటోమొబైల్, మెకానికల్ వాళ్లని అడగండి, మీ గుణుపురంలోనే కాలేజీ ఉంది. బంధుత్వం లేని మనిషి, కొలతలు ఆయన తీయాలి, మావయ్య పక్కన ఉండి ఏది ఎక్కడ చూడాలో చూపించాలి. నా అనుభవంలో ఇదే బాగా నడిచే జోడీ. ప్రొఫెసర్ గారికి బోర్ గేజ్ తెలుసు, ఏ పార్టు దగ్గర పెట్టాలో మీ మావయ్యకి తెలుసు.

కమిషన్‌కి వెళ్లాల్సి వస్తే, కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి. కొన్న ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. అంతకంటే ముందు 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టి చూడండి, కొన్నిసార్లు కంపెనీ అక్కడే దిగొస్తుంది.

ఇక సర్టిఫికెట్ సంగతి, మావయ్య వయసులో మళ్లీ ఐటీఐకి వెళ్లక్కర్లేదు. చేతిపని నేర్చిన వాళ్లకి ఆర్‌పీఎల్ అని ఉంది, ఇప్పటికే వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి. ఆటోమోటివ్ స్కిల్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ కింద టూ వీలర్ సర్వీస్ టెక్నీషియన్ అన్న అర్హత ఉంది. దొరికితే తీసుకోమనండి, బ్యాంకులోనో కమిషన్‌లోనో చూపించడానికి ఒక కాగితం. ఫ్యూయల్ ఇంజెక్షన్ రానివాడికి మాత్రం ఆ కాగితంతో అది వచ్చేయదు. దానికి విడిగా కంపెనీల ట్రైనింగో, విజయనగరం, విశాఖలో చిన్న చిన్న క్లాసులు పెట్టే వాళ్ల దగ్గరో కూర్చోవాలి. పీఎం విశ్వకర్మలో అప్లై చేస్తానని మా బజార్లో కొందరు తిరిగారు. ఆ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో కమ్మరి ఉంది, తాళాలు చేసేవాళ్లు ఉన్నారు, బైక్ మెకానిక్ లేడు.

ఇంకో విషయం, ఈ ప్రశ్న కింద కామెంట్లలో ఎవరో "షోరూం వాళ్లంతా దొంగలు" అని రాశారు. నేను లోపల పనిచేసి వచ్చినవాణ్ణి, అలా అనను. వాళ్ల దగ్గర ఉండేవి మన దగ్గర ఉండవు. ఒక మోడల్‌లో ఏదైనా పార్టు తరచూ పోతుంటే కంపెనీ నుంచి వాళ్లకి సర్క్యులర్ వస్తుంది, మనకి రాదు. ప్రతి బోల్టుకి ఎంత టార్క్ అన్నది వాళ్ల మాన్యువల్‌లో ఉంటుంది. మన షాపుల్లో చేతి బిగువే లెక్క, అందుకే అల్యూమినియం కేసులో డ్రెయిన్ బోల్టు థ్రెడ్డు పోయిన బండ్లు అన్ని కనిపిస్తాయి. ఆ సమాచారం అంతా చేతిలో ఉండి కూడా ఇంజిన్ విప్పకుండా వారంటీ లేదనడం మాత్రం తప్పే.

మీరు ఇవి పెడితే ఇంకాస్త గట్టిగా చెప్పగలను: బండి మోడల్, పట్టేసినప్పుడు ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, చివరి సర్వీస్ జాబ్ కార్డు ఫోటో (మీ పేరు, నంబరు కనపడకుండా), పట్టేసే ముందు ఏమైనా చప్పుడు వచ్చిందా, వస్తే పై నుంచా కింద నుంచా. మావయ్యని కూడా ఒక ప్రశ్న అడిగి ఆయన జవాబు ఆయన మాటల్లోనే రాయండి: తయారీ లోపం అంటున్నారు కదా, ఏ పార్టులో అని అనుమానిస్తున్నారు, విప్పినప్పుడు అక్కడ ఏం కనిపిస్తే తన మాట తప్పని ఒప్పుకుంటారు?

ఆయన రాసింది చూశాక జాయింట్ ఇన్‌స్పెక్షన్‌కి ఏమేం కొలవాలో లిస్టు నేను రాసిస్తాను.